కొండ మెట్ల మీద తిన్న అటుకులు

తిరుపతి,
ఆగస్టు 1946.

అక్క మునిరత్నమ్మకు తమ్ముడు కుప్పయ్య నమస్కరించి వ్రాసేది.

షావుకారు చీరల మూటలు ఇక్కడి అంగళ్ళలో దించేసరికి మధ్యాహ్నమైంది. సాయంత్రం దాకా వేరే పని లేదు. సత్రంలో కూర్చుని ఈగలు తోలుకోవడమెందుకని చంద్రగిరి దాకా పోయి కోట చూసి వచ్చాను. రాజమహలులో కింద అంతా గబ్బిలాల కంపు. పై అంతస్తు ఎక్కి కిటికీలో నిలబడితే మాత్రం ఏం గాలి అక్కా! నా మీసం కూడా ఎగిరిందంటే నమ్ము. ఆ మీసానికి నేను చేసే ఊడిగం చూసి నువ్వు నవ్వుతావు గానీ, ఈ మీసం చూసే అంగడివాళ్ళు నన్ను 'రండి రండి' అంటారు.

నగరిలో మూట కట్టుకున్నప్పుడే నేను లెక్క వేసుకుంటాను. ఏ ఊళ్ళో పని తొందరగా అయిపోతుంది, అక్కడికి దగ్గర్లో చూడవలసిందేముంది అని. కాళ్ళు షావుకారువి, కళ్ళు నావి. కాళ్ళకు ఆయన జీతమిస్తాడు, కళ్ళకు నేనే దారి చూసుకోవాలి గదా!

పోయిన నెల మీ ఇంట్లో మీ అత్తగారు పెట్టిన భోజనం ఇంకా నోట్లోనే ఉంది. ఆ వంకాయ కూర, ఆ వడలు, వద్దంటున్నా మళ్ళీ మళ్ళీ వడ్డించిన అన్నం! ఈ రేషను రోజుల్లో అంత మర్యాద ఎవరింట్లో ఉంది? నువ్వు మాత్రం తలుపు పక్కన నిలబడి నా విస్తరి చూస్తూనే ఉన్నావు. కూర్చోమంటే తర్వాత తింటానన్నావు. చెయ్యి కడుక్కోగానే వెళ్ళిపోయానని కోపమొచ్చిందా? కాణిపాకం పోయే బండి దొరికింది, వదలబుద్ధి కాలేదు.

అమ్మ కూడా నాలాగే తయారైంది. ఉబ్బసానికి చిత్తూరు వైద్యుడి మందు కావాలంటూ నెల తిరిగేసరికి బస్సెక్కుతుంది. మందు నగరిలో దొరకదా? పని పేరు చెప్పి ఊళ్ళు తిరగడం మన ఇంటి గుణం లాగుంది. నీకు మాత్రం ఎందుకు రాలేదో!

నీ తమ్ముడు,
కుప్పయ్య.


చిత్తూరు,
సెప్టెంబరు 1946.

చిరంజీవి కుప్పయ్యకు అక్క దీవించి వ్రాసేది.

నీ కార్డు బెల్లం మండీకే వచ్చింది. మీ బావ అక్కడి నుంచి తెచ్చి అత్తగారికి చదివి వినిపించారు. భోజనం మాట విని ఆమె సంతోషించారు. తర్వాత నేను తీసుకుని రెండుసార్లు చదువుకున్నాను. నీకు అక్షరాలు దిద్దబెట్టినప్పుడు ఇన్ని కబుర్లు రాస్తావని అనుకోలేదు. నువ్వు చూసింది రాస్తే నాకు తిరిగి వచ్చినట్టే ఉంటుంది. రాస్తూ ఉండు.

ఇక్కడ అందరం బాగున్నాం. ఎండలకు కొంచెం చిక్కానేమో, అమ్మ ఏమన్నా అంటే పట్టించుకోకు. అమ్మను మాత్రం ఈ నెల తప్పకుండా మందుకు పంపించు. మధ్యలో ఆపకూడదు.

ఈసారి వస్తే భోజనం చేసి పరుగెత్తడం కాదు. ఒక రాత్రి ఉండేటట్టు రా. పొద్దున లేచి మా పెరడు చూడు, వంటిల్లు చూడు. కోటలు చూసిన కళ్ళకు ఇవి ఆనవేమో గానీ, నాకు చూపించాలని ఉంది. కార్డులో చోటు అయిపోయింది.

మునిరత్నమ్మ.


నగరి,
అక్టోబరు 1946.

అక్కకు కుప్పయ్య నమస్కారాలు.

వానలు పట్టుకున్నాయి. అమ్మకు ఆయాసం ఎక్కువైంది. రాత్రిళ్ళు గోడకు ఆనుకుని కూర్చునే ఉంటుంది. ఈ నెల బస్సెక్కవద్దని గట్టిగా చెప్పాను. నేనెటూ చిత్తూరు వస్తాను గదా, మందు నేను తెస్తానంటే వద్దు పొమ్మంది. దానికి బదులు ఒక అటుకుల మూట చేతికిచ్చింది. నీకే ఇవ్వాలట. అదీ పెరట్లో బావి దగ్గర ఇవ్వాలట! నాకు నవ్వొచ్చింది.

"ఏందిమ్మా, దొంగ సొమ్మా?" అన్నాను.

"సెప్పింది సెయ్యిరా. నోరు మూసుకోని దాని సేతికి ఇచ్చి రా" అంది.

ఇంత వయసొచ్చినా నీకు అటుకుల పిచ్చి పోలేదన్నమాట. బెల్లం ముక్కలు, వేయించిన శెనక్కాయలు కూడా కలిపింది. నాకు మాత్రం ఏ ప్రయాణానికీ ఇలా కట్టివ్వదు.

ముందు తిరుపతి, తర్వాత మీ ఊరు. కొత్త ఘాటు రోడ్డు పడ్డాక కొండ మీదికి పోయి రావడం సులువైందంటున్నారు. తిరుపతి పని తొందరగా ముగించుకుంటే కొండ కూడా చూసుకుని మీ ఇంటికి వస్తాను. రాత్రి ఉండటం మాత్రం ఈసారికి కుదరదేమో. చూద్దాం.

కుప్పయ్య.


పాకాల స్టేషను,
నవంబరు 1946.

అక్కా,

బండి కోసం కూర్చున్నాను. నీకు చెప్పకుండా పారిపోయి వచ్చాను. మీ వీధి దాటేదాకా తల ఎత్తలేదు. నీ ముఖం చూసి మాట్లాడే ధైర్యం లేక కాగితం మీద రాస్తున్నాను.

నిన్న మీ వాకిట్లో ఏం జరిగిందో నీకు తెలుసు. నేను అలా ఎందుకు వచ్చి నిలబడ్డానో నీకు తెలియదు. అది చెప్పకపోతే కావాలని నిన్ను నవ్వులపాలు చేశాననుకుంటావు.

తిరుపతిలో పని అనుకున్నదానికంటే ముందే అయిపోయింది. నేరుగా చిత్తూరు బండెక్కవలసినవాణ్ణి. కొండకు పోదామనిపించింది. బస్సులో చోటు దొరకలేదు. సత్రంలో కలిసిన నాయుడుపేట పాత్రల వ్యాపారి ఒకాయన, మెట్ల దారిన పోదాం రమ్మన్నాడు. గాలిగోపురం దగ్గర కూలబడేసరికి ఇద్దరికీ ఆకలి దంచేస్తోంది. అమ్మ ఇచ్చిన మూట విప్పాను. ఒక పిడికెడు అనుకున్నాను. ఆయన "మీ యమ్మ సెయ్యి మంచిదబ్బా" అంటూ తింటున్నాడు, నేను నవ్వుతూ పెడుతున్నాను. కబుర్లలో ఉండగానే గుడ్డ ఖాళీ అయింది. చిత్తూరు బజారులో నీకు ఇంకేదైనా కొంటాలే అనుకుని ఆ గుడ్డతోనే ముఖం తుడుచుకున్నాను.

గుండుకు మొక్కు కూడా లేదక్కా. "కొండకొచ్చి జుట్టుతోనే దిగుతావా?" అని ఆ వ్యాపారి నవ్వితే సరదాకు కూర్చున్నాను. మంగలి మీసం మీద కత్తి పెట్టాక వద్దనబోయాను, అప్పటికే ఒక పక్క పోయింది. అద్దంలో చూసుకుని ఇద్దరం విరగబడి నవ్వాం.

చిత్తూరులో బండి దిగితే కుండపోత. తలకు పూసిన చందనం, నుదుటి నామం అన్నీ కొట్టుకుపోయాయి. మోకాళ్ళదాకా బురద. మీ అత్తగారు అలికి పెట్టుకున్న గడప తొక్కడమెందుకని వీధిలోనే నిలబడి, "అక్కా, సెంబుతో నీళ్ళు తే" అన్నాను. చావు కబురు తెచ్చినవాడు కూడా అలాగే గడప దాటకుండా నిలబడి నీళ్ళడుగుతాడని నాకు తట్టలేదు. నాయన పోయినప్పుడు తప్ప నువ్వు నన్ను మీసం లేకుండా చూడలేదని కూడా తట్టలేదు. అమ్మకు ఆయాసం ఎక్కువైందని రాసిందీ నేనే.

చెంబు జారవిడిచి నువ్వు నా కాళ్ళ దగ్గర పడిపోయావు. అమ్మ పోయిందని నువ్వనుకుంటున్నావని నాకేం తెలుసు? బావకేదో అయిందనుకున్నాను. నువ్వు ఏడుస్తుంటే నాకూ దుఃఖమొచ్చింది. అడగవలసిన మాట అడక్కుండా నీతోబాటు నేనూ గొల్లుమన్నాను. మీ అత్తగారు లోపలి నుంచి వచ్చి నిన్ను పట్టుకుని ఆమె కూడా ఏడ్చింది. ఎవరు ఎవరికోసం ఏడుస్తున్నామో ఎవరికీ తెలియదు.

అప్పుడు నువ్వు శోకం ఎత్తుకున్నావు. ఆ మాటలు బండి చప్పుడులో కూడా వినిపిస్తూనే వచ్చాయి.

"నన్ను కన్న తల్లీ, నన్నిడిసి పోతివా! ఇంక నాకు బువ్వ ఎవురు పెడతారమ్మా! అందరూ తిని దులిపిన గిన్నె నాకు పెడతా ఉంటే నీ కొంగున కట్టుకొచ్చిన అటుకులతో పేణం నిలుపుకొంటినే! నెలకొక తూరి వస్తావని వాకిలి సూస్తా ఉంటినే! ఇంక యాడికి పోదునమ్మా!"

నీ భుజాల మీద నుంచి మీ అత్తగారి చేతులు జారిపోవడం నేను చూశాను. వీధి వీధంతా వచ్చి నిలబడింది. అంతలో ఎవరో పోయి చెప్పినట్టుంది, మండీ నుంచి బావ రొప్పుతూ వచ్చాడు.

"ఎప్పుడు పోయింది అత్త?" అన్నాడు నాతో.

"నువ్వు బతికే ఉండావా బావా!" అన్నాను.

వెనకనుంచి ఒక ఆడమనిషి ఫక్కున నవ్వింది. నువ్వు నా ముఖం చూశావు. అమ్మ బతికే ఉందని అర్థమైన ముఖం అలా ఉంటుందా అక్కా? సంతోషమనేదే లేదు. కొంగు ముఖాన కప్పుకుని లోపలికి పోయావు.

"మల్ల గుండెందుకు కొట్టించుకుంటివప్పా?" అని బావ అడిగాడు.

"ఊరికే" అన్నాను.

అందరూ వింటుండగా అన్నాను. నువ్వు ఏ అటుకుల కోసం ఏడ్చావో అవి నా కడుపులో ఉన్నాయి. జూలైలో మీ ఇంట్లో నేను ముక్కులదాకా తిన్న అన్నం ఎవరి వంతో ఇప్పుడు తెలుస్తోంది. తలుపు పక్కన నిలబడి నువ్వు చూస్తుంటే ప్రేమ అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

కుప్పయ్య.


నగరి,
నవంబరు 1946.

అక్కా,

నీ దగ్గర నుంచి జాబు లేదు. రాయడానికి నీకు మనసొప్పదని తెలుసు. బావ చేతికి పడితే పడనీ అని ఇది కవరులో పెట్టి నీ పేరున పంపుతున్నాను.

అమ్మకు అంతా చెప్పాను. నన్ను చీపురు తిరగేసి కొడుతుందనుకున్నాను. ఒక్క మాట తిట్టలేదు. అదే ఓర్చుకోలేకపోతున్నాను. గోడవైపు తిరిగి కూర్చుని అంది:

"ఆ యమ్మ సెడ్డది కాదురా. మొగోళ్ళకు ముందు పెడతాది, తనకు కొంచెం పెట్టుకొంటాది, ఇంక గిన్నెలో ఏముంటాది? దాని నడుము సూసినావా ఎప్పుడన్నా? నీకు సెప్తే నువ్వు పోయి రచ్చ సేస్తావు. కాపరం ఇరిగిపోతాదని నోరు మూసుకొంటి."

"మందో?" అన్నాను.

"యాడి మందురా! బస్సు దిగితే నేరుగా బిడ్డ కాడికే. ఒక దినమన్నా ఆ వైద్యుని వాకిలి తొక్కింటే కదా."

ఆ బొగ్గు బస్సు పొగలో, ఆ ఆయాసంతో, నెలనెలా. మందు పేరు చెప్పి ఊళ్ళు తిరుగుతోందని నేను నీకు వేళాకోళం రాశాను. ఆ కార్డు మీ ఇంట్లో ఉంటే చింపేయక్కా.

అమ్మ చిత్తూరులో ఏం చూసిందని ఎవరైనా అడిగితే, మీ పెరటి బావి తప్ప ఏమీ చూడలేదు. నేను ఇన్ని ఊళ్ళు తిరిగి ఆ ఒక్కటీ చూడలేదు.

నిన్ను తీసుకుపోవడానికి వస్తున్నాను. షావుకారుకు చెప్పేశాను. ఉన్నదేదో ముగ్గురం తిందాం. జాబు రాసినా వస్తాను, రాయకపోయినా వస్తాను.

కుప్పయ్య.


చిత్తూరు,
డిసెంబరు 1946.

కుప్పయ్యా,

రావద్దు. ముందు ఇది చదువు.

ఇన్నాళ్ళూ కార్డులే రాశాను. కార్డు రాస్తే ఇంట్లో వాళ్ళకు చదివి వినిపించి పెట్టెలో వేయాలి. నీకు రాయమని ఈ కవరు మీ బావే తెచ్చి నా ముందు పెట్టి బయటికి పోయారు. ఆయనకు తెలియదు తమ్ముడూ. తినడం, చెయ్యి కడుక్కోవడం, మండీకి పోవడం. వెనక గిన్నెలో ఏముందో చూడాలని ఆయనకు తోచలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు నేను కూర్చుంటే గాని ఆయన కూర్చోరు. నేను తినే ముద్దను చూస్తూ ఉంటారు. నాకు గొంతు దిగదు.

వీధిలోకి పోలేకపోతున్నాను. పంపు దగ్గర ఆడవాళ్ళు "ఏం మునిరత్నమ్మా, తింటివా?" అని అడుగుతారు. ఇదివరకూ అడిగేవాళ్ళే, అప్పుడది మామూలు పలకరింపు. ఇప్పుడు అడిగి నా ముఖం చూస్తారు. పక్కింటి సంతోషమ్మ మంచిది, దాని మనసులో ఏమీ లేదు. మొన్న గోడ మీద నుంచి ఒక సట్టి అన్నం అందించింది. మా అత్తగారు అక్కడే ఉన్నారు. ఆమె చెయ్యి చాచి అది అందుకుని, లోపల పెట్టి, ఆ దినమంతా పచ్చి నీళ్ళు కూడా ముట్టలేదు.

నువ్వొచ్చిన ఆ వాన రోజు నుంచి నాతో మాటల్లేవు. నిన్న మాత్రం బావి దగ్గర అన్నారు, నా వైపు చూడకుండా: "నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు నాకూ అట్లే పెట్టినారు. ఎవురూ తప్పనలేదే. ఇంత మందిలో నా మొగాన ఉమ్మేస్తివి కదే."

ఏం చెప్పను? అలా అనాలని అన్నానా? శోకం నా చేతిలో ఉందా?

కాని నా సిగ్గు అది కాదు. అది ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను. అమ్మ పోయిందని నేను నిజంగానే అనుకున్నాను గదా. కడసారి చూపు కూడా దక్కలేదనుకున్నాను. అప్పుడు నా నోటికి రావలసింది అమ్మ. అమ్మ ముఖం, అమ్మ పడ్డ కష్టం. వచ్చింది అన్నం. తల్లి పోయిందంటే నేను నా కడుపు కోసం ఏడ్చాను. రోజూ పడుకునేటప్పుడు అదే గుర్తొచ్చి ముఖం దాచుకుంటాను.

నీ మీద కోపం లేదని రాయను. ఉంది. అటుకులు తిన్నందుకు కాదు, ఆకలైతే తింటావు. పెరట్లో ఎందుకు ఇవ్వమందో ఒక్కసారి అడిగి ఉంటే! ఒక్క రాత్రి ఉండమని రాస్తే కుదరదేమో అన్నావు. రాళ్ళ కోటకు కుదిరింది నీకు.

ఇప్పుడు నన్ను తీసుకుపోతే, కూటికి లేక పోయిందని ఈ వీధి జన్మంతా చెప్పుకుంటుంది. మీ బావ ఆ మాట మోయలేరు. నేను రాను. నువ్వు రా. జుట్టు మొలిచాక రా. ఒక రాత్రి ఉండు, ఎవరితోనూ ఏమీ మాట్లాడకు. కూర్చుని చూడు. నీకు చూడటం వచ్చు గదా.

అమ్మను బస్సెక్కనివ్వకు. నిజం మందు తెచ్చిపెట్టు.

మునిరత్నమ్మ.


నగరి,
జనవరి 1947.

అక్కకు కుప్పయ్య నమస్కారాలు.

నిన్న సాయంత్రం ఇల్లు చేరాను. తిరుపతిలో పని ముగిశాక నాయుడుపేట ఆయన మళ్ళీ కనబడి శ్రీకాళహస్తి పోదాం రమ్మన్నాడు. చిత్తూరులో పని ఉందన్నాను. షావుకారు పనా అని అడిగాడు. కాదన్నాను.

నువ్వు చెప్పినట్టే మీ ఇంట్లో నోరు మెదపలేదు. గుమ్మంలో నన్ను చూడగానే మీ అత్తగారి చూపు ముందు నా నెత్తి మీదికే పోయింది. అంగుళం జుట్టు మొలిచిందని చూసి లోపలికి పోయింది. రాత్రి అన్నం గిన్నె తెచ్చి మన ముగ్గురి మధ్యలో పెట్టి, వడ్డించకుండా పోయి వంటింట్లో చీకట్లో కూర్చుంది. ఎవరికెంత కావాలో వాళ్ళే తీసుకోండి, నన్ను మాత్రం అనకండి అన్నట్టు. నువ్వు గరిట పట్టుకుని ఎంత వేసుకోవాలో తెలియక అలాగే ఉండిపోయావు. బావ తల వంచుకున్నాడు. నేను ఎన్నో చోట్లు చూశాను గానీ, ఆ గిన్నె చుట్టూ మనం కూర్చున్నప్పుడు పడ్డ ఇబ్బంది ఎక్కడా పడలేదు.

పొద్దున బావి దగ్గర అమ్మ పంపిన మూట నీకిచ్చాను. నువ్వు విప్పలేదు. తీసుకుపోయి అత్తగారి ముందు పెట్టావు. ఆమె ముట్టలేదు, నువ్వూ ముట్టలేదు. నేను బయలుదేరేటప్పటికి అది అక్కడే ఉంది. తర్వాత ఏమైందో రాయి.

నువ్వు రానన్నావని అమ్మకు చెప్పాను. "అది ఆడనే గెలుచుకోవాల" అంది. మందు తెచ్చాను. తాగుతోంది గానీ గుణం కనిపించదు. ఇన్నాళ్ళ పొగ ఎక్కడికి పోతుంది? నీకు దాచడమెందుకు, భయంగా ఉంది.

కుప్పయ్య.


చిత్తూరు,
మార్చి 1947.

కుప్పయ్యకు అక్క దీవెనలు.

అమ్మ కర్మలు ముగిసి మేము ఇల్లు చేరాం. దారిలో ఇబ్బందేమీ లేదు. నువ్వు ఒంటరిగా ఉన్నావు, వేళకు వండుకో.

మండీకి తంతి వచ్చినప్పుడు మీ బావ దాన్ని మళ్ళీ మళ్ళీ చదివారు. నేను నమ్మలేదు. బస్సులో కూర్చున్నా నమ్మలేదు. మన వీధి మొగలో నువ్వు గుండుతో, మీసం లేకుండా నిలబడి ఉంటే చూసి నమ్మాను. ఈసారి నువ్వు నీళ్ళడగలేదు. నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయావు.

ఊళ్ళో ఆడవాళ్ళందరూ నా శోకం కోసం కాచుకుని ఉన్నారు. ఒక్కతే కూతురు, ఎలా ఏడుస్తుందో అని. నాకు నోరు రాలేదు. అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని చూస్తూ ఉండిపోయాను. నా మాటలన్నీ ఆ వానలోనే అయిపోయాయి తమ్ముడూ, అమ్మ కోసం ఒక్కటీ మిగల్చుకోలేదు. నోరు తెరిస్తే మళ్ళీ అన్నమే వస్తుందేమోనని భయం కూడా. "ఏం కూతురమ్మా, కంట తడి లేదు" అని వెనక ఎవరో అన్నారు. విన్నాను. తల వంచుకున్నాను.

తర్వాత జరిగింది నీకు తెలియదు. నువ్వప్పుడు మగవాళ్ళతో ఏర్పాట్లకు ఏటి దగ్గరికి పోయి ఉన్నావు. మీ బావకు కూడా నేను చెప్పలేదు, అత్తగారు చెప్పుకోరు.

మా అత్తగారు అందరికీ వెనక, తడిక పక్కన కూర్చుని ఉన్నారు. లేచి, మనుషులను తోసుకుంటూ వచ్చి అమ్మ తల దగ్గర కూలబడి, నేను ఎత్తుకోవలసిన శోకం ఆమె ఎత్తుకున్నారు.

"వదినా, లెయ్యి వదినా! నీ బిడ్డ కడుపు మాడిస్తిని వదినా, పదిమందిలో సెప్తా ఉండా! ఆయాసంతో బస్సెక్కి వస్తా ఉంటే, మందుకొచ్చినావనుకోని మంచినీళ్ళిచ్చి పంపిస్తినే! ఇంక నువ్వు రాబల్లేదు. నా సేత్తో పెడతా. పెట్టకుంటే ఈ పదిమందీ వచ్చి నా మొగాన ఉమ్మేయండి!"

ఆమె సంగతి నాకు తెలుసు. చాటుగా చెప్పి ఉంటే రేపటికి మరిచిపోవచ్చు. ఊరు ఊరంతా వింటుండగా చెప్పింది, ఇక తప్పించుకోవడానికి తనకే దారి లేకుండా చేసుకుంది. నేను ఆమెను పదిమందిలో దించాను. ఆమె తనంతట తనే ఇంకా కిందికి దిగింది. నాకప్పుడు ఏడుపు వచ్చింది. అమ్మ కోసమో, ఆమె కోసమో, ఎవరికోసమో తెలియదు.

ఆ మూట ఏమైందని అడిగావు. నువ్వు పోయాక మూడు పూటలు అలాగే ఉంది. తర్వాత ఆమె విప్పి, నీళ్ళు చల్లి, బెల్లం నలిపి కలిపి నా ముందు పెట్టి పోయింది. అమ్మ చేత్తో కట్టిన ఆఖరు మూట అదేనని అప్పుడు తెలియదు. తెలిసి ఉంటే దాచుకునేదాన్నేమో. తినేశాను.

వచ్చే నెల షావుకారు పని మీద తిరుపతి వస్తావు గదా. కొండకు పోవాలంటే పోయి రా, నేనేమీ అనుకోను. ఆ తర్వాత ఇక్కడికి రా. చేతిలో ఏమీ తేవద్దు.

ఇప్పుడు రోజూ పొద్దుగూకే వేళ, గిన్నెలు కడిగి బోర్లించాక, ఆమె వంటింటి గడప మీద కూర్చుని అడుగుతుంది, "తింటివా?" అని. నేను తల ఊపుతాను. నోరు తెరిచి తిన్నానని చెప్పడానికి నాకు ఇంకా సిగ్గుగానే ఉంది.

నీ అక్క,
మునిరత్నమ్మ.